నడక లేని నవల

తోడల్లుడూ, ఒకప్పటి సమీక్షకుడూ అయిన నీకు,

మనకి మాటల్లేవు కాబట్టి ఒకే వీధిలో ఉండి కూడా ఉత్తరం రాస్తున్నాను. లైబ్రరీకి వెళ్తూ రోజూ నీ గేటు ముందు ఆగుతున్నది నీ మొహం చూడ్డానికి కాదు. నా కాళ్ళలో రక్తనాళాలు పూడుకుపోయాయి. ఇంట్లోంచి బయల్దేరితే సరిగ్గా అక్కడికొచ్చేసరికి పిక్క పట్టేస్తుంది. కాసేపు నిలబడితే వదులుతుంది. దానికి నువ్వు గేటు బయట కుర్చీ వేసి, పక్కనే ఇంకో కుర్చీలో కూర్చుని వేడుక చూడక్కర్లేదు.

నా నవల మీద నువ్వు పత్రికలో రాసింది మర్చిపోలేదు. "దీనికి నడక లేదు. మూడో అధ్యాయంలోనే కుంటుతుంది." ఆ తర్వాత నా రాతలు ఎవడూ అచ్చు వెయ్యలేదు.

ఇట్లు,
ఆగక తప్పనివాడు

తా.క. ఆస్పత్రిలో నామీద షుగర్ మందు పరీక్షిస్తున్నారు. ఆగకుండా నీ గేటు దాటిన రోజు నా పగ తీరినట్టే.

*

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీకు షుగరని తెలిసి చాలా బాధపడ్డాను. టీ కొట్టువాడికీ, లైబ్రరియన్‌కీ, మీ కోడలికీ కబురు చెప్పించాను. ఇక మీకు చప్పటి టీయే ఇస్తారు. కుర్చీ గట్టిగా ఉందని కోపమా? దిండు వేయించాను.

మీ తమ్ముడు

తా.క. నేను "కుంటుతుంది" అనలేదు, "కుంటుపడుతుంది" అన్నాను. జీవితమంతా ప్రూఫులు దిద్దినవారు, మీకు తేడా తెలియాలి.

*

షుగర్ ప్రచారకుడికి,

నాకు షుగర్ లేదు! షుగర్ రోగులకిచ్చే సూదిమందు కాళ్ళలో రక్తం ఆడటానికీ పనికొస్తుందేమోనని చూస్తున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి సూది. ఎవరికి ఏది పడుతోందో, పొడిచే నర్సుకీ తెలియదు. ఈలోగా నీ ధర్మమా అని కోడలు పంచదార డబ్బాకి తాళం వేసింది. టీ కొట్టువాడు గ్లాసులో టీతో పాటు జాలి కూడా పోస్తున్నాడు.

ఇట్లు,
నీవల్ల చప్పబడినవాడు

తా.క. ఆ దిండు మీద నీ పిల్లి పడుకుంటోంది. లేపకు. పుస్తకాలు చదవకుండా తీర్పు చెప్పే అలవాటు దానికి లేదు.

*

ఓడిపోయినవాడికి,

నెలలు పట్టింది గాని, ఇవాళ దాటాను! పిక్క పట్టలేదు. నీ గేటు, నీ కుర్చీలు, నీ పిల్లి, అన్నీ వెనకబడ్డాయి. నువ్వు గేటు పట్టుకుని లేచి నోరు తెరవడం ఓరకంట చూశాను. అసూయతో మాట పెగల్లేదు కదూ? నడక లేదన్నావు. ఇదీ నడకంటే!

ఇట్లు,
ఆగనివాడు

తా.క. కుర్చీ లోపల పెట్టుకో. ఇక ఎవడూ ఆగడు.

*

అన్నయ్యగారికి,

నోరు తెరిచింది మిమ్మల్ని పిలవడానికి. ఈలోపే దాటిపోయారు.

నాకూ మీ జబ్బే. మంచం దగ్గర్నుంచి గేటు దాకా వచ్చేసరికి పిక్కలు పట్టేస్తాయి. మీకు నొప్పి మొదలయ్యే చోటే నాకు దారి అయిపోతుంది. అందుకే అక్కడ కుర్చీ. రెండోది మీకోసమే వేశాను. మా ఆవిడ పోయాక నా దగ్గర ఆగే మనిషి మీరొక్కరే, నొప్పితోనైనా. మీ ఉత్తరం చూసి నేనూ ఆ పరీక్షలో చేరాను. నాకు పడుతున్నది ఉత్తుత్తి సూదిలా ఉంది.

ఇంకో సంగతి. ఆ సమీక్ష రాసేనాటికి మీ నవల నేను చదవలేదు. అట్టా, ముందుమాటా చూసి రాసేశాను. ఇన్నేళ్ళూ అది మనసులో గుచ్చుతూనే ఉంది. కాళ్ళు కదలని ఈ రోజుల్లో కుర్చీలో కూర్చుని, చివరి పేజీ దాకా శ్రద్ధగా చదివాను.

మీ తమ్ముడు

తా.క. సమీక్షలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.