ఎర్రచీర కట్టిన సైకిలు

కొత్తపేట,
జూలై, 1998.

వేణీ,

నీ కాలేజీకని నేను పంపుతానన్న నా సైకిలు ఈ ఉదయం అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ ఎక్కింది. లారీ ఈ రాత్రి బయల్దేరుతుంది, రేపు విశాఖలో మీ వీధి చివర దింపుతారు; ఈ ఉత్తరం కూడా డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను. కాయల రాపిడికి గీతలు పడతాయేమోనని దిగులేసి, దానికి ఒళ్లంతా ఎండుగడ్డి చుట్టి, పైన నా పాత ఎర్ర పట్టుచీర కట్టాను. హ్యాండిలు రెండు పక్కలా చేతుల్లా ఉబ్బింది.

డ్రైవరు ముత్యాలు గారు చూసి, "అమ్మవారాండీ?" అని అడిగారు. నేను తాడు ముడి సరిచూసుకుంటూ, మాట సరిగా వినకుండానే, మన అలవాటు కొద్దీ అవునన్నట్టు "ఆయ్" అనేశాను.

అంతే, ఆయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టేశారు. "ఒరే, కాయలు ఇటేపు పొయ్యకండ్రా! అమ్మవారు వెళ్తున్నారు!" అని కేకేసి, చుట్టూ జానెడు జాగా వదిలించి, నిలబెట్టి కట్టించారు. పైన మందారపువ్వు కూడా పెట్టారు. నిజం చెబుదామని నోరు తెరిచాను గానీ, ఆ జాగా చూసి ఊరుకున్నాను.

తప్పేమో అని ఇప్పటికీ అనిపిస్తోంది. కానీ నేను చదవడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేని రోజుల్లో నన్ను డిగ్రీ దాకా మోసుకెళ్లింది ఆ సైకిలే. దాన్ని ఏమని పిలవాలో నాకు మాత్రం ఏం తెలుసు?

నువ్వు ఆయన ఎదుటే సైకిలు మీది చీర విప్పు. కోప్పడితే నన్ననమను. విప్పగానే సైకిలుకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టు. అప్పుడు ఆయన దణ్ణమూ వృథా కాదు, నా "ఆయ్" కూడా పూర్తి అబద్ధం కాదు. కాయ కోసం వెతుక్కోనక్కర్లేదు, ఆయన్నే అడుగు.

మీ అత్త