దేవుడి పెట్టెలో మందు

రాజక్కకు నమస్కారాలు.

ఫోన్లో చెబితే చుట్టూ అందరూ వింటారు. అందుకే కార్డు రాసి కవరులో పెడుతున్నాను. మా అబ్బాయి దేవేంద్రకు బదిలీ అయింది కదా, ఇండోర్‌కు వెళ్తూ ఈ రోజు రాయ్‌పూర్ సత్రంలో ఆగాం. స్వామి దయవల్ల అందరం క్షేమం.

నిన్న దారిలో మనవరాలు హన్సికకు ఆయాసం వచ్చింది. దాని పీల్చే మందు పోకుండా ఉంటుందని నేనే దేవుడి పెట్టెలో పెట్టాను. ఇల్లు మారేటప్పుడు దేవుడి సామాను ముందు ఎక్కిస్తాం కదా, ఆ పెట్టె వ్యానులో అన్నిటికన్నా లోపల, బీరువా వెనక ఉండిపోయింది. దేవేంద్ర రోడ్డు పక్కన మంచాలు, బీరువా దింపుతూ, "దేవుడికి గాని ఆయాసమేటమ్మా, మందు ఆయన కాడ ఎట్టీసినావు?" అన్నాడు. మందు పీల్చాక పిల్ల తేరుకుంది. ఈ రోజు అన్నతో పోట్లాడుతోంది కూడా.

కోడలు ఈశ్వరి నన్ను ఒక్క మాట అనలేదు. మందు నా చేతికే ఇచ్చి, "ఈపాలి మీ కొంగున కట్టుకోండత్తా" అంది. కట్టుకునే ఉన్నాను.

డాబా మీద ఆరబెట్టిన చింతపండు తీశావా? వాన పడితే పాడవుతుంది. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది?

పిల్లలకు నా దీవెనలు. ఈ కార్డు దాచుకో అక్కా, ఈశ్వరి పుట్టింటివాళ్లకు మాత్రం చూపించకు. ఆ పిల్ల వాళ్లకు ఈ సంగతి చెప్పనే లేదు.

నీ చెల్లెలు
పద్మకుమారి