ఈశాన్యం మూలన తవ్విన గుంట

సర్రీ, కెనడా,
సెప్టెంబరు 2023

చిరంజీవి హైమావతికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ తమ్ముడు మహీధర్, కోడలు వాసవి, నీ కూతురు స్పందన, నా రెండు మోకాళ్ళు, అందరం క్షేమం. నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలోని ప్రశ్నలు చూస్తేనే తెలిసింది. ఒంట్లో ఓపిక లేనివాళ్ళు అన్ని ప్రశ్నలు వేయలేరు.

ఫోనులో చెప్పక ఈ ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వవు. పైగా ఈ ఇంటి గోడలు అట్టముక్కలు. నేను పై గదిలో గొంతు తగ్గించి మాట్లాడినా, కింద బేస్‌మెంట్‌లోంచి నీ కూతురు "అమ్మమ్మా, నాకు వినపడుతోంది" అంటుంది. ఈ ఉత్తరంలో ఒక మాట తన చెవిన పడకుండా నీకు చెప్పాలి.

ముందు అల్లుడుగారి సందేహం. ఎవరి భూమిలోనో తవ్వితే పోలీసులు పట్టుకోరా అని అడిగారు. పట్టుకోరని చెప్పు. హోప్ అనే ఊరు దాటి కొండల్లోకి పోతే ఒక వాగుంది. ఆ వాగు ఒడ్డున కంకరలో బంగారం తీసుకునే హక్కు చట్టప్రకారం నా పేరున ఉంది. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్న పిల్ల పేరున ఎందుకని, పర్మనెంట్ రెసిడెంట్‌నైన నా పేరునే తీసుకున్నాం. దాన్ని క్లెయిము అంటారు. పూర్వం అడవిలో గుంజలు పాతి హద్దులు చెప్పుకునేవారట. ఇప్పుడు కంప్యూటర్లో పటం తెరిచి, ఖాళీగా ఉన్న గడి ఎంచుకోవడమే. నేల సర్కారుదే. మనం అక్కడ గుడిసె వేయకూడదు, పారా, పళ్ళెం పట్టుకుని కంకర కడుక్కోవచ్చు. ఏడాది తిరిగేలోగా అక్కడ నిజంగా పని చేశామని ఫోటోలతో సహా చూపించాలి. లేకపోతే గడువు నాటితో ఆ గడి మనది కాకుండా పోతుంది, ఎవరైనా తీసుకోవచ్చు.

కంకర కడగడమంటే మనం బియ్యం గాలించడమే. ఆ పని నాకు వెన్నతో పెట్టిన విద్య అని మీ తమ్ముడి దగ్గర గొప్పలు పోయాను. మొదటి రోజు వయ్యారంగా పళ్ళెం తిప్పి, పైనున్నదంతా జాగ్రత్తగా పక్క గిన్నెలోకి వంచి, అడుగున మిగిలినది వాగులో పారేశాను. "అమ్మమ్మా, అడుగున ఉన్నదే బంగారం!" అని స్పందన కేకపెట్టింది. ఇన్నేళ్ళుగా అడుగున మిగిలేవి రాళ్ళేనని అలవాటైన చేతులు, ఏం చెయ్యను.

అంతకంటే పెద్ద పొరపాటు వేరే చేశాను. ఇక్కడి మనవాళ్ళు వాస్తు చూసి, గుమ్మం దిక్కు కుదరలేదని మంచి ఇళ్ళు వదులుకుంటుంటే, సైన్సు టీచర్ని కదా, పగలబడి నవ్వేదాన్ని. తీరా నా జాగా దగ్గరికి వచ్చేసరికి నా నోటినుంచి వచ్చిన మొదటి మాట "మొదటి గుంట ఈశాన్యం మూలన తవ్వాలి" అని.

"అమ్మమ్మా, మూలకి అంత దగ్గర వద్దు. ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు, ఫోన్ మన హద్దుని అటూ ఇటూ చూపిస్తోంది" అంది స్పందన.

"మూలంటే మూలే" అన్నాను.

వేసవంతా వారాంతాల్లో మీ తమ్ముడు కారులో తీసుకెళ్ళడం, మేమిద్దరం అక్కడే తవ్వడం. నడుం లోతు గుంట. చిన్న గాజు సీసాలో, నీళ్ళలో మెరుస్తూ కొన్ని రేణువులు కూడా దొరికాయి. స్పందన ఆ సీసాని దిండు పక్కన పెట్టుకుని పడుకునేది.

గడువు ఇంకో వారంలో ఉందనగా ఒక శనివారం పొద్దున, సల్వార్ కమీజు మీద రబ్బరు బూట్లు తొడుక్కుని నా ఈడు పంజాబీ ఆవిడ వచ్చి గుంట ఒడ్డున నిలబడింది. పేరు గుర్మీత్. ఆవిడ హిందీకీ, చిన్నప్పుడు పరీక్షలు రాసి నేను నేర్చుకున్న హిందీకీ అప్పుడే యుద్ధం మొదలైంది.

"ఎవరు తవ్వమన్నారు ఇక్కడ?"

"నా క్లెయిములో నేను తవ్వుకుంటున్నాను."

"మీది ఆ బండ దగ్గరే ఆగిపోయింది, బహెన్‌జీ. ఇది నాది. మా ఆయన పోయాక కూడా ఏటా వచ్చి పని చేసి నిలబెట్టుకున్నది."

"ఇది ఈశాన్యం మూల. మావాళ్ళు తవ్వకం ఇక్కడే మొదలుపెడతారు."

"అయితే మీ మూలని మీ జాగాలోకి తీసుకుపొండి!"

స్పందన ఫోను పట్టుకుని బండ ఎక్కి, సిగ్నల్ కుదిరేదాకా కదలకుండా నిలబడింది. దిగివచ్చి ఫోనులో హద్దు గీత నాకు చూపించింది. "అమ్మమ్మా, ఆవిడ చెప్పిందే కరెక్ట్. మనం లైన్ దాటేశాం."

అంటే వేసవంతా మేము చేసిన పని మా లెక్కలోకి రాదు. ఫోటోలన్నీ పక్కవాళ్ళ గుంటవి. సీసాలో ఉన్నదీ ఆవిడదే. స్పందన సీసా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ఎండకేసి పట్టి చూసి జేబులో వేసుకుంది. "వద్దు బేటీ, నువ్వే ఉంచుకో" అంటుందని నేను ఎదురుచూశాను. అనలేదు. "గుంట పూడ్చండి, వానొస్తే ఒడ్డు జారుతుంది" అంది. మేము పూడుస్తుంటే పరోటాలూ ఊరగాయా విప్పి, ముందు పిల్లకి పెట్టింది.

"పోనీ వదిలేద్దామా అమ్మా?" అన్నాడు మీ తమ్ముడు నెమ్మదిగా. నేను స్పందననే చూస్తున్నాను. పారకి ఆనుకుని నిలబడింది. తర్వాత దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను.

"అమ్మమ్మా, మన వాస్తు ఆవిడకి కలిసొచ్చింది!" అని నవ్వుతోంది. ఊపిరాడనంతగా నవ్వుతోంది.

హైమా, ఆ నవ్వు విలువ నీకు తెలియాలంటే నేను దాచిన మాట చెప్పాలి. నిరుడు నెలల తరబడి నువ్వు ఫోను చేసినప్పుడల్లా, ఇప్పటిదాకా చదువుకుంది, ఇప్పుడే పడుకుంది అన్నాను. అందులో రెండోది మాత్రమే నిజం. పగలు కూడా పడుకునే ఉండేది. కాలేజీలో నిలబడే చోటులేనంత మంది పిల్లలు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగానికి వీధి మలుపు దాకా లైను. అలా లైన్లలో నిలబడి నిలబడి, ఒకరోజు గోడవైపు తిరిగి పడుకుంది. క్లాసులు మానేసింది, తిండి మానేసింది. వాసవి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు వాడింది, వారం వారం కౌన్సెలర్‌తో మాట్లాడింది. నీకు చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నువ్వు అంత దూరంలో తల్లడిల్లడం తప్ప చేయగలిగింది లేదని నేనూ ఒప్పుకున్నాను. కోప్పడాలనుంటే నన్ను కోప్పడు.

అప్పుడే లైబ్రరీలో ఈ క్లెయిముల సంగతి చదివాను. "నాకు కంప్యూటర్ చేతకాదు, కాస్త ఆ గడి వెతికిపెట్టవే" అన్నాను. చేతకాకేం, వచ్చు. ఆ పటంలో గడి వెతకడానికే అది లేచి కూర్చుంది. అందుకే ఈ వాగు పోతే పిల్ల మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమోనని నా భయం. అది నవ్వాక భయం పోయింది గానీ, వాగుని వదులుకోబుద్ధి కాలేదు.

మీ తమ్ముడు ఆఫీసుకి సెలవు పెట్టాడు. మర్నాటినుంచి మా హద్దుల్లో, స్పందన చూపిన చోట తవ్వాం. పిలవకుండానే గుర్మీత్ వచ్చి రాయి మీద కూర్చుని మా తవ్వకానికి వంకలు పెట్టింది. చూడలేక పార లాక్కుని తనే దిగింది. గడువుకి ముందురోజు స్పందన పని వివరాలు నమోదు చేసింది. క్లెయిము మరో ఏడాది మనదే. నీ కూతురు ఈ నెల కాలేజీకి కూడా వెళుతోంది, గునుస్తూనే. ఆ వాగుకీ, డాక్టరుకీ, వాసవికీ, సీసా జేబులో వేసుకున్న ఆ మహాతల్లికీ రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న, గాజులకి సరిపడా బంగారం దొరికిందా అని. ఈ కాగితం పైన కుడిచేతి మూల చూడు. శుభవార్త కదా, అమ్మ పసుపు పెట్టిందనుకుని ఉంటావు. గోకి చూడకు. టేపు కింద ఉన్నది మన జాగాలో దొరికిన ఒకే ఒక్క రేణువు. అమ్మకి పంపుదామంది నీ కూతురు. కాగితం మీదనైనా ఈశాన్యంలో ఉండనీ అని నేను అక్కడ అంటించాను. అది దొరికింది మాత్రం, ఎవరూ గుంట తవ్వకూడదనే నైరుతి మూలన. అక్కడ తవ్వమన్నది నేను కాదు.

ఇట్లు,
గని యజమానురాలు, అంతకు చాలా ముందునుంచీ
నీ అమ్మ