ప్యాకెట్ వెనకాల ఉన్న మాట

అత్తయ్యా, నేను డ్యూటీకి వెళ్తున్నాను, మీరు పడుకున్నారని లేపలేదు. మన సోంబేరి పిల్లికి అలమరలో ఉన్న పచ్చ ప్యాకెట్ పెట్టకండి. కిటికీ దగ్గర దాని కొత్త తిండి డబ్బా ఉంచాను. అందులోంచి పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు వెయ్యండి. పక్కన నీళ్ళు పెట్టడం మర్చిపోకండి.

"పిల్లి చిక్కిపోతోందే అమ్మాయ్" అని మీరు రెండు నెలలుగా అంటూనే ఉన్నారు. మీరు చాటుగా పెట్టే ఉడికించిన గుడ్డే దానికి పడటం లేదని నేను అందరి ముందూ మిమ్మల్ని కసిరాను.

నిన్న పశువుల డాక్టరు ఆ ప్యాకెట్ తిప్పి చూపించాడు. ముందువైపు ఇంత చేప బొమ్మ. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో, ఇందులో ఉన్నది చేప రుచి మాత్రమేననీ, ఇది చిరుతిండే తప్ప పూర్తి ఆహారం కాదనీ రాసి ఉంది. నేను దాన్నే రెండు పూటలా పెట్టి మేపాను.

గుడ్డు సంగతి కూడా చెప్పాను. "గుడ్డు పెడుతున్నది ఎవరో గానీ, వాళ్ళ పుణ్యమా అని ఈమాత్రం నిలబడింది" అన్నాడాయన. ఆ పుణ్యం మీదే.

గుడ్డు ఇక చాటుగా పెట్టక్కర్లేదు. రోజుకి చిన్న ముక్క చాలట.

ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను. కాగితం అయిపోయింది, అడుగున చివరి మాట చిన్న అక్షరాల్లో ఇరికించాను. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

తప్పు నాదే అత్తయ్యా.