మిగతా నూట ఇరవై

చిరంజీవి బావమరిదికి, మీ బావ ఆశీర్వదించి రాయడం ఏమంటే,

అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోను చేస్తే ‘కస్టమరు ఉన్నాడు బావా’ అని పెట్టేస్తున్నావు. అందుకే ఈ కాగితం.

పాత డీజిలు వ్యాను అమ్మేసి, నీ షోరూములో ఈ కరెంటు కారు కొన్నది కొండ మీది ఆసుపత్రికి నర్సులను చేరవెయ్యడానికి. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒకటి. ‘ఎక్కుడు దారి, బలమైనది ఇవ్వు’ అంటే నూట యాభై కిలోవాట్లది ఇచ్చావు. రాత్రంతా ఛార్జింగు పెట్టినా ముప్పై యూనిట్లకు మించి ఎక్కడం లేదు. మిగతా నూట ఇరవై ఏమైనట్టు? సాయంత్రం కొండ దిగి, రైలు గేటు దాకా వచ్చి ఆగిపోతోంది. నర్సులు దిగి ఇళ్ళకు నడుస్తున్నారు. పెద్ద నర్సు నాతో మాట్లాడడం మానేసింది.

ఇట్లు,
గేటు దగ్గర నుంచి, మీ బావ

తా.క.: గేటు కాపలావాడు నాకోసం ఒక కుర్చీ తెచ్చి పెట్టాడు.

---

బావగారికి నమస్కారాలు.

మీరు షోరూము చిరునామాకు రాశారు కాబట్టి మా మేనేజరు కూడా చదివాడు. ఆ నూట ఇరవై ఎవరూ తినలేదు. నూట యాభై మోటారు బలం. ముప్పై బ్యాటరీలో పట్టేది. మేడ మీద నీళ్ళ ట్యాంకు అనుకోండి. ట్యాంకులో ఎన్ని నీళ్ళు పడతాయన్నది బ్యాటరీ, పైపు ఎంత లావన్నది మోటారు. పైపు లావైతే నీళ్ళు జోరుగా వస్తాయి, ఎక్కువ రావు. పెద్ద బ్యాటరీది తీసుకోమని ఆ రోజే మొత్తుకున్నాను. మీరు ‘లాగుతుందా లేదా’ అన్న ఒక్క మాటే పట్టుకున్నారు.

అయినా మీ రెండు ట్రిప్పులకు ముప్పై సరిపోవాలి. కొండ దిగేటప్పుడు చక్రాలే మోటారును తిప్పి కొంత ఛార్జి వెనక్కి ఎక్కిస్తాయి. బరువు తగ్గించి చూడండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: అక్కకు ఒకసారి తాళం ఇవ్వండి. లైసెన్సు తెచ్చుకుని బీరువాలో పెట్టుకుంది.

---

బావమరిదికి,

ట్యాంకు సంగతి అర్థమైంది. బరువు తగ్గించాను. స్టెప్నీ, జాకీ ఇంట్లో పెట్టాను. నర్సుల క్యారేజీలు బయలుదేరేముందే ఖాళీ చెయ్యమన్నాను. ఎక్కుడు మొదలయ్యే చోట అందరినీ దింపి నడిపించాను. డ్యూటీకి ఆలస్యమైంది. సాయంత్రం మళ్ళీ అదే గేటు, అదే కుర్చీ.

దిగేటప్పుడు వెనక్కి ఎక్కుతుందన్నావు. పిసరంత కూడా ఎక్కలేదు. సొంత బావతోనే అబద్ధమా? నేను దుబారా మనిషిని కాను. ఇరవై ఏళ్ళు అదే కొండ మీద చుక్క డీజిలు ఖర్చు కాకుండా బండి దింపిన చెయ్యి ఇది.

పెద్ద నర్సు చివరికి మాట్లాడింది. ‘ఇంకొక్కసారి దారిలో ఆగితే వేరే బండి పెట్టుకుంటాం’ అంది. ఈ ట్రిప్పులు పోతే నాకు వేరే పని లేదు. కారులో కోళ్ళు పెంచుకోవాలి.

ఇట్లు,
నిన్ను నమ్మిన మీ బావ

తా.క.: బ్రేకులు కమురు వాసన కొడుతున్నాయి. నర్సులు ముక్కు మూసుకుంటున్నారు. ఇది కూడా మోటారు బలమేనా?

---

బావగారికి,

అబద్ధం అన్నారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఈ మోడలు కొన్న వాళ్ళందరికీ దిగుడులో ఛార్జి ఎక్కుతోంది. మీ ఒక్కరికే ఎక్కలేదంటే లోపం బండిదే. వెనక్కి తీసుకోమని మేనేజరును అడిగాను. ఆయన నా కుర్చీ వైపు చూశాడు. మీ ట్రిప్పులు, నా ఉద్యోగం ఒకేసారి పోయేలా ఉన్నాయి. కంపెనీ మనిషిని పంపిస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: బ్రేకుల సంగతి నాకు తెలియదు. నేను అమ్మేవాణ్ణి.

---

బావమరిదికి,

కంపెనీ మనిషిని పంపకు.

మొన్న గేటు దగ్గర నుంచి కారు తోసి నడుం పట్టేసింది. మర్నాడు మంచం దిగలేకపోయాను. ట్రిప్పు ఎగ్గొడితే అంతే సంగతులని మీ అక్క తాళం తీసుకుంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. సాయంత్రం వాకిట్లో హారను మోగింది. గోడ పట్టుకుని వెళ్ళి చూశాను. ఇంకా నాలుగో వంతు ఛార్జి ఉంది.

“ఏం చేశావే?” అన్నాను.

“ఏముంది, వెళ్ళాను, వచ్చాను.”

“న్యూట్రల్ ఎక్కడ వేశావు?”

“న్యూట్రలా? అదెందుకు?”

డీజిలు మిగలాలని ఇరవై ఏళ్ళు వ్యానును కొండ నెత్తి నుంచి కిందిదాకా న్యూట్రల్లోనే దింపాను. ఈ కారునూ అలాగే దింపాను. అలా దింపితే చక్రాలు తిరిగినా మోటారు ఛార్జి ఎక్కించదట. వెనక్కి ఎక్కాల్సిందంతా నేనే బ్రేకులకు ధారపోశాను. అలా దింపొద్దని నువ్వు చెప్పలేదు. దింపుతున్నానని నేను చెప్పలేదు. నీది అబద్ధమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పెద్ద నర్సు నన్ను పరామర్శించడానికి వచ్చింది. ఇక నుంచి మీ అక్కే నడపాలని చెప్పి, టీ తాగి వెళ్ళింది. నా నడుం సంగతి అడగలేదు.

ఇట్లు,
ఇంటి దగ్గర నుంచి, మీ బావ

తా.క.: నడుముకు మందు రాయించుకుందామని నిన్న నేనూ కారెక్కాను. ఎక్కుడు మొదలయ్యే చోట మీ అక్క కారు ఆపి, బరువు తగ్గాలి, దిగమంది. నర్సులెవరూ దిగలేదు.