ప్రైమరీయేనట

అన్నయ్యా,

ఫోన్ చేద్దామంటే మీ బావగారు స్పీకరు పెట్టమని పక్కనే కూర్చుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఆయనకు మెడలో బిళ్ళలు కట్టాయి. గవదబిళ్ళలనుకుని పసుపూ సున్నమూ పట్టు వేశాను. ఆయనేమో నేను కొన్న కొత్త దిండు వల్లేనని దాన్ని పనిమనిషికి ఇచ్చేశారు. చివరికి బిళ్ళలోంచి ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది.

"ప్రైమరీ ఊపిరితిత్తిలో ఉంది" అన్నారు డాక్టరుగారు. ఈయన ప్రైమరీ అంటే ఒకటో తరగతనుకుని, "హైస్కూలుకి వెళ్ళకముందే దొరికింది" అని కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటంతా చెప్పుకొచ్చారు. నేను విడిగా అడిగితే, ప్రైమరీ అంటే జబ్బు మొదలైన చోటట. మెడదాకా వచ్చిందంటే బాగా పాకినట్టేనట. ఆయనకు చెప్పలేదు.

నిన్న ఆయన ఫ్యాక్టరీ స్నేహితుడు జైపాల్ వచ్చాడు. "ఒదినా, ప్రైమరీ అంటే ఏందో అన్నకు ఎరికే. నీకు జెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు" అని మొత్తం చెప్పేసి, టీ తాగి వెళ్ళాడు.

గురువారం నుంచి మందు ఎక్కిస్తారు. నువ్వు రా. నీ దిండు నువ్వే తెచ్చుకో. ఆయన ప్రైమరీయే అంటే అవునను. నేనన్నా అవునను.

నీ చెల్లెలు