గొంతు స్పష్టంగా ఉంది

ఓతా,

సూప్ పొయ్యి మీదుంది, వేడిచేసుకో. టంకం కరిగించడానికని నీ ఫోన్ బోర్డును మళ్లీ ఓవెన్‌లో పెట్టకు, రేపు అందులో కేకు చెయ్యాలి. టంకం సామాను భోజనాల బల్ల మీంచి తీసెయ్.

అమ్మ దగ్గరికి ఒలొమోట్స్ వెళ్తున్నా. సాయంత్రం తిరిగొచ్చి ఇక్కడ రైలు దిగగానే ఫోన్ చేస్తా. పోయిన ఆదివారంలా మాత్రం చెయ్యకు.

"స్టేషన్లో ఉన్నాను, వాన పడుతోంది, కారు తీసుకురా" అని ఆరోజు చెప్పాను. "వ్లాస్తా, మోగింది! ఇంకోసారి చెప్పు!" అని ఎగిరి గంతేశావు. ముచ్చటగా మూడుసార్లు చెప్పించుకున్నావు. తీరా నేను జామ్ సీసాలు మోసుకుంటూ తడిసి ముద్దై ఇంటికొచ్చేసరికి, నువ్వు తీరిగ్గా కూర్చుని స్నేహితులకి రాస్తున్నావు: "లినక్స్ ఎక్కించిన నా ఫోన్‌కి మొదటి కాల్ వచ్చింది. గొంతు స్పష్టంగా ఉంది."

ఈసారి గొంతుతో పాటు చెప్పేది కూడా కాస్త విను.

వ్లాస్తా

బల్ల తుడుస్తుంటే నీ నోటుపుస్తకం కనబడింది. మొదటి కాల్ ఎవరిదన్న చోట నా పేరు రాసి, కింద రెండు గీతలు గీసుకున్నావు. దాంతో సగం కోపం పోయింది. మిగతా సగానికి గొడుగు పట్టుకురా.